పచ్చగా ఉంటే విటమిన్ ఉన్నట్టేనా?

మీరు అడిగింది ఇది: ఒకే కొట్టంలో కట్టేసి, ఒకే పచ్చిమేత వేస్తున్న రెండు ఆవుల్లో ఒకదాని వెన్న పసుప్పచ్చగా వస్తోంది, రెండోదాని వెన్న పాలిపోయినట్టు ఉంటోంది. ఒకే దాణా తినే కోళ్లలో కొన్నింటి కాళ్లు పసుపు, కొన్నింటివి తెలుపు. మొన్న కోసిన గొర్రెలో కొవ్వంతా పసుపు ముద్దలా కనిపిస్తే కొనేవాళ్లు కామెర్లంటూ వద్దన్నారు. ఇదంతా జన్యువుల తేడానా? అయితే పచ్చగా ఉన్నవాటినే ఏరి పిల్లలు తీయిస్తే విటమిన్ ఏ ఎక్కువుండే పాలు, గుడ్లు, మాంసం వస్తాయా?

మొదటి ప్రశ్నకు జవాబు, చాలావరకు అవును. రెండోదానికి మాత్రం కాస్త ఆగమంటాను. కంటికి కనిపించే పసుపు ఒకటే అయినా అది వచ్చే దారులు వేరు. ఒక దారిలో వచ్చిన పసుపు విటమిన్‌కు తోడుగా వచ్చి చేరుతుంది. ఇంకో దారిలో వచ్చిన పసుపు, విటమిన్ కావలసినది కాకుండా మిగిలిపోయిన సరుకు. దారి తెలియకుండా రంగును చూసి ఏరితే, మీకు కావలసినదాన్నే తెలియకుండా తగ్గించుకునే ప్రమాదం ఉంది.

మన భాషలో పచ్చ అంటే ఆకుపచ్చా అవుతుంది, పసుపుపచ్చా అవుతుంది. ఈ విషయంలో భాషే నిజం చెబుతోంది. మేతలో ఆకుపచ్చ వెనకాలే పసుపు దాక్కుని ఉంటుంది. పత్రహరితం ముందుండి కప్పేయడం వల్ల కనబడదంతే. ఆ పసుపే కెరోటినాయిడ్లు. పశువులు గానీ కోళ్లు గానీ వాటిని సొంతంగా తయారు చేసుకోలేవు, తిన్నదాంట్లోంచి తీసుకోవాల్సిందే. కాబట్టి జన్యువు ఎంత అనుకూలంగా ఉన్నా మేతలో సరుకు లేకపోతే రంగు రాదు. గడ్డిని ఎండలో ఎక్కువ రోజులు ఆరబెడితే బీటా కెరోటిన్ చాలా భాగం పోతుంది. ఎండుగడ్డి మీదే గడిపే నెలల్లో పసుపు జన్యువున్న జంతువూ తెల్లగానే కనిపించవచ్చు. ముందు మేత, తరవాతే జన్యువు. ఈ వరస మరిచిపోయి వంశాన్ని తప్పుపట్టినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక లోపల జరిగేది. కెరోటినాయిడ్లు కొవ్వులో కరిగేవి. పేగు గోడ వాటిని లోపలికి రానివ్వాలి. రక్తంలో ఏదో ఒక కొవ్వు బండి ఎక్కించుకుని మోయాలి. ఆవుల్లో ఆ మోత చాలావరకు హెచ్‌డీఎల్ అనే కొవ్వు రేణువుల మీద పడుతుంది. చేరాల్సిన చోట కణం దాన్ని దించుకోవాలి. దారి పొడవునా రెండు కత్తెరలు, అంటే కోసే ఎంజైములు, కాచుకుని ఉంటాయి. మొదటిది బీసీఓ-1. అది బీటా కెరోటిన్‌ను సరిగ్గా నడిమికి కత్తిరిస్తుంది, రెండు రెటినాల్ అణువులు వస్తాయి, అవి రెటినాల్‌గా, అంటే విటమిన్ ఏగా మారతాయి. రాతలో రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి గానీ మొదటిది ఆల్డిహైడ్, రెండోది ఆల్కహాల్. తెలుగులో రాస్తే ఈ చిక్కు తప్పదు. రెండో కత్తెర బీసీఓ-2. ఇది మైటోకాండ్రియాలో ఉండి, నడుమ కాకుండా పక్కన కత్తిరిస్తుంది. ఇది కోసిన ముక్కలు నేరుగా విటమిన్ ఏ కావు. పైగా ఇది ల్యూటిన్, జియాజాంథిన్ లాంటి వాటినీ కోస్తుంది. ఒక రకంగా ఇది చెత్త ఊడ్చే కత్తెర.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అయోమయమంతా ఇక్కడే పుడుతుంది. అన్ని కెరోటినాయిడ్లూ విటమిన్ ఏ కావు. బీటా కెరోటిన్ అవుతుంది. ల్యూటిన్ కాదు, జియాజాంథిన్ కాదు. ఆవు కొవ్వులో, పాలల్లో కనిపించే పసుపు ప్రధానంగా బీటా కెరోటిన్. కోడి చర్మంలో, పచ్చసొనలో కనిపించే పసుపు ప్రధానంగా ల్యూటిన్, జియాజాంథిన్. రెండూ పసుపే, కానీ ఒకటి విటమిన్‌కు ముడిసరుకు, రెండోది కాదు. ముదురు రంగు పచ్చసొన చూసి విటమిన్ ఏ గని అనుకోవడం అందుకే తప్పు. పచ్చసొనలో విటమిన్ ఏ ఉంటుంది, కానీ అది రెటినాల్ రూపంలో ఉంటుంది, ఆ సాంద్రతలో దానికి కంటికి కనిపించేంత రంగు లేదు. పచ్చసొన రంగు ఎంత ముదురో చూడటానికి వాడే రంగుపట్టీ మీద 14 వచ్చినా, అది కోడి తిన్న పసుపు మొక్కజొన్న గురించో బంతిపూల పొడి గురించో చెబుతుంది గానీ విటమిన్ గురించి కాదు.

గేదె పాలను చూడండి. బీటా కెరోటిన్ దాదాపు ఉండదు, వెన్న తెల్లగా వస్తుంది. అయినా ఆ పాలల్లో విటమిన్ ఏ ఉంటుంది. గేదె, మేక, గొర్రె తమ దగ్గరకు వచ్చిన బీటా కెరోటిన్‌ను పాలదాకా, కొవ్వుదాకా పసుపుగా పోనివ్వవు. ఆవు మాత్రం కొంత కోసి, కొంత కోయకుండానే కొవ్వులోకీ పాలలోకీ వదిలేస్తుంది. జాతుల మధ్య ఉన్న ఈ తేడాయే చిన్న స్థాయిలో ఒక జాతి లోపల మందకూ మందకూ, జంతువుకూ జంతువుకూ మధ్య కనిపిస్తుంది. జెర్సీ, గెర్న్సీ ఆవుల పాలు హోల్‌స్టీన్ పాలకన్నా పసుపుగా ఉండటం దాని పుణ్యమే.

మీ రెండు ఆవుల దగ్గరికి వస్తాను. న్యూజిలాండ్‌లో సంకర ఆవుల మీద పనిచేసిన బృందం 2009లో బీసీఓ-2 జన్యువులో ఒక మార్పును పట్టుకుంది. డీఎన్ఏ రాతలో ఒక్క అక్షరం, జి ఉండాల్సిన చోట ఏ. దాంతో ప్రోటీన్ 80వ అమైనో ఆమ్లం దగ్గరే ఆగిపోతుంది, రెండో కత్తెర తయారే కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు జన్యు ప్రతులూ చెడినవే వచ్చిన ఆవుల రక్తంలోనూ పాలల్లోనూ బీటా కెరోటిన్ బాగా ఎక్కువ. ఊడ్చే కత్తెర లేదు కాబట్టి సరుకు మిగిలింది. బీసీఓ-1 బాగానే పనిచేస్తోంది కాబట్టి విటమిన్ ఏ తయారీకి దెబ్బ లేదు. ఇలాంటి పసుపైతే ఏరుకోవచ్చు. తాగేవాళ్లకు ఆ పాల కొవ్వులో రెటినాల్‌తో పాటు ముడిసరుకూ అందుతుంది.

ఇప్పుడు ఇదే రంగు వేరే దారిలో వస్తే ఏమవుతుందో కోళ్లలో చూద్దాం. మాంసపు కోళ్లలో 11వ క్రోమోజోమ్ మీద, బీసీఓ-1 జన్యువు ముందుండే మీట భాగంలో తేడాలున్నాయని 2011లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. మీట గట్టిగా నొక్కుకున్న కోడిలో బీసీఓ-1 ఎక్కువ, రొమ్ము మాంసం తెలుపు. మీట వదులైన కోడిలో బీసీఓ-1 తక్కువ, రొమ్ము మాంసం పసుపు, అందులో ల్యూటిన్, జియాజాంథిన్ ఎక్కువ. ఇక్కడ మీకు అనుమానం రావాలి. బీసీఓ-1 ల్యూటిన్‌ను కోయదు కదా, మరి అది తగ్గితే ల్యూటిన్ ఎందుకు పెరిగింది? ఎలుకల్లో ఇందుకు ఒక మంచి ఆధారం దొరికింది. బీటా కెరోటిన్ కోసుకుని విటమిన్ ఏ తయారైతే, దాంట్లోంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం ఐఎస్ఎక్స్ అనే ప్రోటీన్ ద్వారా పేగు తలుపును బిగిస్తుంది. ఇక చాలు, లోపలికి రానివ్వకు అన్నట్టు. ఆ తలుపు పేరు స్కార్బ్-1. కత్తెర మందగిస్తే ఆ సంకేతం బలహీనపడుతుంది, తలుపు తెరిచే ఉంటుంది, బీటా కెరోటిన్‌తో పాటు ల్యూటిన్ కూడా దూరిపోతుంది. కోడిలోనూ ఇలాగే జరుగుతూ ఉండాలని నా అభిప్రాయం. అదే నిజమైతే ఆ కోడి మాంసం పచ్చదనం ఒక లోటు తాలూకు గుర్తు. అలాంటి కోళ్లకు విటమిన్ ఏ నేరుగా దాణాలో కలిపి పెడుతుంటే ఏ ఇబ్బందీ ఉండదు. మొక్కల కెరోటిన్ మీదే ఆధారపడి పెంచితేనే తేడా బయటపడుతుంది.

ఆవులో బీసీఓ-2 చెడితే పసుపు, కోడిలో బీసీఓ-1 తగ్గితే పసుపు. పైకి ఒకటే. లోపల ఒకటి మిగులు, ఒకటి లోటు. నేను ఈ సమాధానం రాయడానికి కూర్చున్నదే ఈ మాట కోసం.

కోడి కాళ్ల సంగతి వేరు. అదీ బీసీఓ-2 కథే, కానీ ఇంకా చిత్రమైనది. పసుపు చర్మమున్న కోళ్లలో ఆ జన్యువు చెడలేదు. చర్మంలో మాత్రం సద్దుమణిగింది. కాలేయంలో మామూలుగానే పనిచేస్తుంది. అంటే ప్రోటీన్ రాతలో తప్పు లేదు, ఎక్కడ ఎంత పనిచేయాలో చెప్పే భాగంలో తేడా ఉంది. పసుపు అంతర్గత లక్షణం, రెండు ప్రతులూ ఉంటేనే కాళ్లు పసుపు. తెలుపు బహిర్గతం, ఒక్క ప్రతి చాలు. 2008లో ఈ జన్యువును విప్పి చూసినవాళ్లకు ఊహించని సంగతి దొరికింది. ఈ పసుపు జన్యు ప్రతి, పెంపుడు కోడికి మూలమని డార్విన్ నమ్మిన ఎర్ర అడవికోడి నుంచి వచ్చినది కాదు. దక్షిణ భారతంలో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చింది. ఎప్పుడో జరిగిన సంకరం ఇవాళ ప్రపంచంలోని చాలా వ్యాపార కోళ్ల కాళ్ల మీద కనిపిస్తోంది.

మీ కోళ్ల కాళ్లను ఈసారి దగ్గరగా పట్టుకుని చూడండి. పొలుసుల కింద నల్ల వర్ణకం లేకపోతే పసుపు పసుపుగానే, తెలుపు తెలుపుగానే కనిపిస్తాయి. లోపొరలో నల్ల వర్ణకం ఉంటే, పైన పసుపు కలిసి కాలు ఆకుపచ్చ ఛాయగా, పైన తెలుపు ఉంటే నీలిబూడిదగా కనిపిస్తుంది. కాబట్టి ఆకుపచ్చ కాళ్లది కూడా పసుపు జన్యువున్న కోడే.

ఇంకో జాగ్రత్త. పసుపు కాళ్ల పెట్ట గుడ్లు పెట్టడం మొదలెట్టాక రంగు పోగొట్టుకుంటుంది. తిన్న వర్ణకం పచ్చసొనలోకి మళ్లుతుంది, చర్మంలోనిది మెల్లగా వెలిసిపోతుంది. అందులోనూ ఒక వరస ఉంది. ముందు గుడ్డు దారి అంచు, తరవాత కంటి చుట్టూ ఉండే గీత, చెవి తమ్మె, తరవాత ముక్కు మొదలు నుంచి కొసకు, చివరగా కాళ్లు. గుడ్లు మానేస్తే అదే వరసలో రంగు తిరిగొస్తుంది. పాతకాలపు కోళ్ల పెంపకందారులు పెట్టను ఎత్తి తోక కింద ఒకసారి, ముక్కు ఒకసారి చూసి, ఇది ఎన్నాళ్లనుంచి పెడుతోందో, మానేసి ఎన్నాళ్లయిందో చెప్పేవాళ్లు. కాబట్టి మీ తెల్లకాళ్ల కోళ్లలో కొన్ని నిజానికి బాగా గుడ్లు పెడుతున్న పసుపు కాళ్లవి కావచ్చు. వాటిని ఏరి తీసేస్తే చేజేతులా మంచి పెట్టలను పోగొట్టుకున్నట్టే.

ఇక గొర్రె. కొన్నవాళ్లు కామెర్లనడంలో వింత లేదు. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కళేబరం ముందు నిలబడి అదే అనుకున్నాను. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా కత్తి అందుకుని మోకాలి కీలు విప్పాడు. కీలు లోపలి మృదులాస్థి ముత్యంలా తెల్లగా ఉంది. తరవాత పెద్ద ధమనిని పొడుగ్గా చీల్చి లోపలి పొరను వేలితో చూపించాడు, అదీ తెలుపే. కనురెప్ప ఎత్తాడు, కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉంది. పసుపంతా కొవ్వులో మాత్రమే. కామెర్లలో బిలిరుబిన్ దేన్నీ వదలదు. కంటి తెలుపు, కీళ్లు, నరాల పట్టీలు, రక్తనాళాల లోపలి పొర అన్నీ పసుపవుతాయి. కెరోటినాయిడ్ల పసుపు కొవ్వును దాటి రాదు. ఆ రోజు నేర్చుకున్నది ఇవాళ్టికీ పనికొస్తోంది. మీ గొర్రె విషయంలో ఇప్పుడు చూడటానికి కళేబరం లేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. మళ్లీ వస్తే ఈ మూడు చోట్లా చూడండి, లేదా పశువైద్యుడితో చూపించండి. మూడో అవకాశం కూడా ఒకటుంది. చేప నూనెలాంటి సులభంగా చెడే కొవ్వులు ఎక్కువ పెట్టి విటమిన్ ఈ చాలకపోతే, ముఖ్యంగా పందుల్లో, కొవ్వు గోధుమ ఛాయతో పసుపవుతుంది, వాపు ఉంటుంది, వాసన తేడా వస్తుంది. అది జబ్బు, జన్యువు కాదు.

నార్వే గొర్రెల్లో పసుపు కొవ్వుకు కారణం 2010లో తేలింది. మళ్లీ బీసీఓ-2 జన్యువే, మళ్లీ ఒక్క అక్షరం మారి ప్రోటీన్ మధ్యలోనే తెగిపోవడం. అంతర్గత లక్షణం. కుందేళ్లలో పసుపు కొవ్వుకూ అదే జన్యువులో మూడక్షరాల ముక్క ఊడిపోవడంతో సంబంధం కనిపించింది. ఆవు, గొర్రె, కుందేలు, కోడి. నాలుగు జాతుల్లో నాలుగు వేర్వేరు మార్పులు, ఒకే జన్యువు. పెంచేవాళ్లు రంగును చూసి నచ్చడమో వద్దనడమో చేస్తూ వచ్చిన చోట ఇలా పదేపదే ఒకే తలుపు తట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పసుపు కొవ్వు మీకు వద్దనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. తెల్ల కొవ్వున్న పొట్టేలు, తెల్ల కొవ్వున్న గొర్రె కలిసి పసుపు పిల్లను కన్నాయంటే రెండూ వాహకాలే, అంటే పైకి తెలుపైనా లోపల ఒక్కో పసుపు ప్రతిని మోస్తున్నవే. అలాంటి జంటకు పుట్టే ప్రతి పిల్లకూ పసుపు అయ్యే అవకాశం నాలుగింట ఒకటి, వాహకం అయ్యే అవకాశం నాలుగింట రెండు. ఒక పొట్టేలు వాహకమో కాదో పాత పద్ధతిలో తేల్చాలంటే దాన్ని పసుపు గొర్రెలతో దాటించాలి. వాహకమైతే పిల్లల్లో సగం పసుపు రావాలి. వరసగా ఏడు పిల్లలు తెల్లగా వస్తే అది వాహకం అయి కూడా అదృష్టవశాత్తూ తప్పించుకునే అవకాశం 128లో 1. ఒక శాతం కంటే తక్కువ. కానీ కొవ్వు రంగు తెలియాలంటే కోయాలి కాబట్టి ఇది ఖరీదైన పద్ధతి. ఇవాళ చెవి నుంచి తీసిన చిన్న ముక్కతో, లేదా కుదుళ్లతో సహా పీకిన వెంట్రుకలతో డీఎన్ఏ పరీక్ష అవుతుంది. ఒక షరతు. మీ మందలో ఏ మార్పు ఉందో ముందు తెలియాలి. నార్వే గొర్రె మార్పు కోసం పరీక్షించి లేదని వస్తే, మీ గొర్రెలో వేరే మార్పు లేదని అర్థం కాదు.

కత్తెరల సంగతి అయింది. బండి చెడితే ఏమవుతుందో చూడటానికి కోళ్లలోనే ఒక వంశం ఉంది, విస్కాన్సిన్‌లో బయటపడింది. వాటి ఏబీసీఏ-1 జన్యువులో తేడా వల్ల రక్తంలో హెచ్‌డీఎల్ 90 శాతానికి పైగా తగ్గిపోతుంది. ఆ జన్యువు కోళ్లలో జడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, పెట్టకు జడ్ ఒక్కటే కాబట్టి ఒక్క చెడిన ప్రతి వచ్చినా లక్షణం బయటపడుతుంది. వాటి చర్మం తెల్లగా పాలిపోయి ఉంటుంది. ల్యూటిన్ దండిగా పెట్టినా కంటి రెటీనాకు చాలినంత చేరదు. ఇక్కడ తెల్లదనం అంటే సరుకు కత్తిరించుకుపోవడం కాదు, గమ్యం చేరకపోవడం. పేగు తలుపు స్కార్బ్-1 చెడిన పక్షి కూడా ఉంది, పెంపుడు కానరీల్లో ఒక తెల్ల రకం. 2017లో దాని జన్యువు తెలిసింది. ఆ పక్షులు కెరోటిన్ సరిగా తీసుకోలేవు కాబట్టి వాటికి విటమిన్ ఏ విడిగా పెట్టాల్సి వస్తుంది. తెలుపు కూడా ఒకటి కాదన్నమాట. గేదె తెలుపు సమృద్ధిలోంచి వచ్చినది, ఈ పక్షి తెలుపు కరువులోంచి వచ్చినది.

ఈ దారులన్నిటినీ కళ్లకు కట్టినట్టు చూపించేది పట్టుపురుగు. మల్బరీ ఆకులోని ల్యూటిన్ పేగు దాటి రక్తంలోకి రావాలంటే వై అనే జన్యువు పనిచేయాలి. రక్తంలోంచి పట్టు గ్రంథిలోకి వెళ్లాలంటే సి అనే జన్యువు పనిచేయాలి. రెండూ ఉంటే పట్టుకాయ పసుపు. వై ఉండి సి లేకపోతే పురుగు రక్తం పసుపు, పట్టుకాయ తెలుపు. కాలు దగ్గర సూదితో చిన్న గాటు పెట్టి రక్తపు చుక్క తీస్తే తేనెరంగులో మెరుస్తుంది, పక్కన అదే పురుగు అల్లిన గూడు తెల్లగా ఉంటుంది. కొవ్వు రంగు చూసి రక్తం సంగతి చెప్పకూడదని, పాలు చూసి కాలేయం సంగతి చెప్పకూడదని నాకు బోధపడింది దీంతోనే.

కాలేయం ప్రస్తావన వచ్చింది కాబట్టి. విటమిన్ ఏకు అసలు గాదె అదే. శరీరంలో ఉన్నదాంట్లో అధిక భాగం అక్కడే ఎస్టర్ల రూపంలో దాగి ఉంటుంది. మేతలో కరువొస్తే గాదెలోంచి కొంచెం కొంచెం వదులుతూ రక్తంలో స్థాయిని నిలబెడుతుంది. అందుకే రక్తంలో రెటినాల్ మామూలుగా ఉందని సంబరపడితే మోసపోతారు. గాదె అడుగు కనపడే దాకా రక్తం లెక్క పెద్దగా మారదు. మీరు ఆవుల్ని పోల్చాలనుకుంటే రక్తంలో బీటా కెరోటిన్, రెటినాల్ రెండూ కలిపి చూడాలి. మొదటిది ఎక్కువ, రెండోది మామూలు అయితే పేగూ బండీ బాగున్నాయి. మొదటిది ఎక్కువగా ఉండి రెండోది తగ్గుతుంటే కోయడంలో మందకొడితనం ఉందేమో చూడాలి. నమూనాకు వెలుగు తగలనివ్వకండి, గొట్టానికి రేకు చుట్టి చల్లగా పంపండి. వెలుతురులో ఈ రెండూ విరిగిపోతాయి, లేని లోటు ఉన్నట్టు వస్తుంది.

దూడల విషయంలో ఒకటి. తల్లి మాయ ద్వారా విటమిన్ ఏ చాలా తక్కువ దాటుతుంది, దూడ దాదాపు ఖాళీ గాదెతో పుడుతుంది. దాన్ని నింపేవి జున్నుపాలే. తల్లి పచ్చిమేత ఎరగకుండా చూడి కాలం గడిపితే జున్నుపాలు పాలిపోయి ఉంటాయి, దూడ గుడ్డిదిగానో బలహీనంగానో పుట్టవచ్చు. ఇక్కడ జన్యువుల్ని లెక్కించే ముందు మేత చూడండి.

విటమిన్ అంటే ఏ ఒక్కటే కాదు కదా. జన్యువు నిల్వను ఎలా శాసిస్తుందో అన్నిటికన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నా దృష్టిలో కోడిగుడ్డులోని రైబోఫ్లేవిన్, అంటే బీ2. తెల్ల లెగ్‌హార్న్ కోళ్లలో ఒక వంశం పెట్టలు ఆరోగ్యంగా ఉంటాయి, గుడ్లూ బాగానే పెడతాయి. కానీ పొదిగిన గుడ్లలో పిండాలు 13వ రోజు అటూ ఇటుగా చచ్చిపోతాయి. తల్లికి దాణాలో బీ2 ఎంత పెంచినా లాభం లేదు. కారణం, రైబోఫ్లేవిన్‌ను పట్టుకుని గుడ్డులోకి మోసే ప్రోటీన్ వాటికి లేదు. ఆ జన్యువులో ఒక అక్షరం మారడంతో, జన్యువు నుంచి వచ్చే సందేశం (ఆర్‌ఎన్ఏ) ముక్కలు అతికే చోట తప్పు జరిగి వంద అక్షరాల ముక్క ఎగిరిపోతుంది. పట్టుకునేది లేక విటమిన్ మూత్రంలో పోతుంది. అలాంటి గుడ్డును, మామూలు గుడ్డును తెల్ల పళ్లెంలో పక్కపక్కన పగలగొట్టి చూడండి. మామూలు తెల్లసొనలో లేత ఆకుపచ్చ పసుపు నీడ ఒకటి ఆడుతుంది, అదే రైబోఫ్లేవిన్. రెండోది నీళ్లలా ఉంటుంది. ఆ గుడ్డులోకి సూదితో రైబోఫ్లేవిన్ ఎక్కిస్తే పిల్ల బతికి పొదుగుతుంది. ఈ ఒక్కచోట రంగు అబద్ధం చెప్పదు, ఎందుకంటే ఇక్కడ రంగే విటమిన్.

పందుల్లో రెండు సంగతులు క్లుప్తంగా. పంది తన కాలేయంలో విటమిన్ సి సొంతంగా చేసుకుంటుంది, మనం చేసుకోలేం. డెన్మార్క్ పందుల్లో ఒక వంశంలో ఆ తయారీకి చివరి మెట్టు అయిన గులో జన్యువులో ఒక ముక్క పోయింది. రెండు ప్రతులూ పోయిన పిల్లలకు మేతలో సి పెట్టకపోతే తల్లిపాలు మానాక ఎముకలు వంకరపోతాయి. జర్మనీ పందుల్లో ఇంకో వంశానికి విటమిన్ డీని పనిచేసే రూపంలోకి మార్చే జన్యువు చెడింది. డీ ఎంత పెట్టినా రికెట్స్ వస్తుంది, పనిచేసే రూపాన్ని నేరుగా ఇస్తే తగ్గుతుంది. నిల్వ ఉండటం వేరు, వాడుకోగలగడం వేరు అనడానికి ఇది.

పాలల్లో బీ12 కూడా ఆవుకూ ఆవుకూ బాగా మారుతుందని, అందులో వంశపారంపర్య భాగం గణనీయంగానే ఉందని డచ్ హోల్‌స్టీన్ ఆవుల మీద 2013లో వచ్చిన పని చూపించింది. బీ12ను ఆవు చేయదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులు చేస్తాయి. అయినా ఎంత పాలలోకి వస్తుందో నిర్ణయించడంలో ఆవు జన్యువులకు చెయ్యి ఉంది. ఒక్క పెద్ద జన్యువు కాదు, చాలా చిన్నవి కలిసి. ఇలాంటి లక్షణాన్ని ఒక పరీక్షతో ఏరలేం, తరాల తరబడి కొలుస్తూ పోవాల్సిందే.

మీరు కోరుకుంటున్నదానికి సరిగ్గా వ్యతిరేకంగా కోరుకునేవాళ్లూ ఉన్నారు. జపాన్‌లో గొడ్డుమాంసం కొవ్వును 1 నుంచి 7 దాకా ఉన్న రంగుబిళ్లలతో పోల్చి చూస్తారు, తెలుపుకే విలువ. కండల మధ్య కొవ్వు పెరగాలని బలిపించే మధ్య నెలల్లో విటమిన్ ఏను కావాలనే తగ్గిస్తారు. అతి చేస్తే పశువుకు చూపు పోతుంది, కీళ్లు వాస్తాయి. ఇంకో చోట మాంసపు పశువుల మీద 2012లో చేసిన పనిలో, విటమిన్ ఏ తగ్గించినంత మాత్రాన అన్నిటిలోనూ కొవ్వు పెరగలేదని తేలింది. ఏడీహెచ్1సీ అనే జన్యువు ముందుభాగంలో ఒక రకం అక్షరమున్న వాటిలోనే పెరిగింది. మిగతావాటిని ఊరికే కరువు పెట్టినట్టు.

ఇక మీరు చేయగలిగింది. ఆవుల విషయంలో తొందర లేదు. రెండింటికీ ఒకే ఈత దశలో, ఒకే పచ్చిమేత కనీసం రెండు నెలలు నడిచాక పాల కొవ్వు రంగు మళ్లీ చూడండి. అప్పటికీ తేడా ఉంటే రక్తంలో బీటా కెరోటిన్, రెటినాల్ జంటగా చేయించండి. పసుపు ఆవుకు రెటినాల్ తగ్గకపోతే దాని దూడను ధైర్యంగా పెట్టుకోండి. కోళ్లలో కాళ్ల రంగు కోసం ఏరేది గుడ్లు మొదలవకముందే, పసుపు మొక్కజొన్న లేదా ఆకుమేత తింటున్నప్పుడే. దాంతో విటమిన్ పెరుగుతుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. గొర్రెల్లో ఆ పసుపు కొవ్వు పిల్ల తల్లీ తండ్రీ ఎవరో మీకు గుర్తుంటే, ఆ పొట్టేలు సంతానం నుంచి ఇకపై పొట్టేళ్లను ఉంచకండి. ఆడవాటిని తీసేయాల్సిన పని లేదు, బయటి పొట్టేలుతో దాటిస్తే చాలు. తండ్రి పొట్టేలు ఏదో గుర్తులేకపోతే కొత్త పొట్టేలు తెచ్చే ముందు దాని తోబుట్టువుల కొవ్వు సంగతి అమ్మేవాళ్లనే అడగండి, అదీ పచ్చిమేత మీద పెరిగినవాటి గురించి.